కారు కిటికీలో తల దూర్చే గాడిదలు: కస్టర్ పార్కులో వాటికి తినిపించే పద్ధతి

మౌంట్ రష్‌మోర్ (నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ) ట్రిప్ పెట్టుకున్నవాళ్ళు ఇంకో పూట చేతిలో ఉంచుకోండి. అక్కడికి దగ్గర్లోనే కస్టర్ స్టేట్ పార్క్ ఉంది. సౌత్ డకోటాలో, బ్లాక్ హిల్స్ కొండల మధ్య 71,000 ఎకరాల పచ్చిక, అడవి. అందులో 18 మైళ్ళ వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు మీద ఒక గాడిదల గుంపు కార్లను ఆపుతుంది. మాటవరసకు అన్నది కాదు, నిజంగానే ఆపుతుంది. రోడ్డుకు అడ్డంగా నిలబడతాయి, కారు ఆగగానే కిటికీ దగ్గరికి వస్తాయి, అద్దం దించితే తల లోపలికి పెట్టి ఒళ్ళో ఏముందో వాసన చూస్తాయి. అక్కడివాళ్ళు ముద్దుగా ‘అడుక్కునే బర్రోలు’ అని పిలుస్తారు. బర్రో అంటే స్పానిష్‌లో గాడిద. మన బర్రెతో చుట్టరికమేమీ లేదు.

ఇవి తరతరాల అడవి జంతువులు కావు. ఒకప్పుడు సిల్వన్ లేక్ దగ్గర్నుంచి సందర్శకులను వీపున ఎక్కించుకుని కొండ శిఖరానికి తీసుకెళ్ళిన గాడిదల సంతతి. 7,242 అడుగుల ఆ శిఖరాన్ని అప్పట్లో హార్నీ పీక్ అనేవారు, 2016 నుంచి బ్లాక్ ఎల్క్ పీక్ అంటున్నారు. ఆ సవారీలు ఆగిపోయాక గాడిదలను పార్కులోనే వదిలేశారు. మనుషుల మధ్య బతికిన జంతువుల పిల్లలు కాబట్టి మనిషంటే బెదురు లేదు. పైగా కారు ఆగితే తిండి వస్తుందని తల్లుల వెంట తిరుగుతూ నేర్చుకున్నాయి.

ఇక్కడే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. అవి మీ దగ్గరికి ఆకలితో రావడం లేదు. చుట్టూ కావలసినంత గడ్డి ఉంది. అడుక్కోవడం వాటికి అలవాటు, ఆ అలవాటు చేసింది మనమే. ఈ రోజు మీరు ఏ తిండి పెడతారో, ఎలా పెడతారో, రేపు వచ్చే కారు దగ్గర అవి అలాగే ప్రవర్తిస్తాయి. లాక్కుంటే దొరికిందా, రేపు లాక్కుంటాయి. నెమ్మదిగా నిలబడితే దొరికిందా, రేపు నెమ్మదిగా నిలబడతాయి. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఇందులోంచి పుట్టిందే.

ముందు అడగండి, తర్వాత కొనండి

ఈ పార్కులో గాడిదలకు తినిపించడం ఎన్నో ఏళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. మిగతా జంతువులకు మాత్రం ఏమీ పెట్టకూడదు. ప్రెయిరీ డాగ్ అనే చిన్న ఉడుతలాంటి జంతువు కూడా రోడ్డు పక్కన రెండు కాళ్ళ మీద నిలబడి ఆశగా చూస్తుంది. దానికి ఒక్క పల్లీ గింజ కూడా వేయకండి. వాటి ఒంటి మీది గోమార్ల (ఫ్లీ అనే, రక్తం పీల్చే చిన్న పురుగుల) ద్వారా ప్లేగు సోకే ప్రమాదం ఉంది.

గేటు దగ్గర 7 రోజులు చెల్లే పాస్ కొనేటప్పుడు సిబ్బందిని రెండు ప్రశ్నలు అడగండి: ‘ఇప్పుడు బర్రోలకు తినిపించవచ్చా?’, ‘ఈ రోజు ఎటువైపు ఉన్నాయి?’ సీజన్‌ను బట్టి సూచనలు మారవచ్చు, గుంపు కూడా ఒకచోట ఉండదు. 16ఏ రోడ్డు మీది కస్టర్ స్టేట్ పార్క్ విజిటర్ సెంటర్‌లో అడిగినా చెబుతారు. వద్దంటే వద్దు. చూసి, ఫొటో తీసుకుని రండి, ఆ పూట వృథా ఏమీ కాదు.

డబ్బాలో ఏం పెట్టుకోవాలి

ర్యాపిడ్ సిటీలోనో కస్టర్ ఊళ్ళోనో కూరగాయలు కొనుక్కుని బయల్దేరండి. నలుగురున్న కుటుంబానికి 2 పౌండ్ల క్యారట్లు, మూడు ఆపిల్ పళ్ళు చాలు. ఇంకో సంచీ కొందామనిపిస్తుంది, కొనకండి. మీ ముందున్న కారు వాళ్ళూ పెడతారు, వెనకున్న కారు వాళ్ళూ పెడతారు. ఒక్కో గాడిదకు మీ కుటుంబం మొత్తం కలిసి నాలుగైదు ముక్కలు పెడితే చాలు.

క్యారట్‌ను సాంబారులోకి తరిగినట్టు గుండ్రంగా తరగకండి. అందరూ చేసే తప్పు ఇదే. నిలువుగా నాలుగు చీలికలు చేసి, 4 నుంచి 6 అంగుళాల పొడవు ఉండేలా ఉంచండి. పొడవాటి ముక్కను గాడిద కొరికి, నమిలి మింగుతుంది. గుండ్రటి ముక్కను ఆత్రంలో నమలకుండా మింగేస్తుంది, అది అన్నవాహికలో బిరడాలా అడ్డుపడుతుంది. గుర్రం జాతి జంతువులు వాంతి చేసుకోలేవు, కాబట్టి ఇరుక్కున్నది వెనక్కి రాదు. సంచుల్లో దొరికే బేబీ క్యారట్లు సరిగ్గా ఇరుక్కునే లావులో ఉంటాయి. అవే తెచ్చి ఉంటే ఒక్కోదాన్ని నిలువుగా రెండుగా చీల్చండి. ఆపిల్‌ను ఎనిమిది ముక్కలు చేయండి. కాయను కాయగా ఇవ్వకండి.

కోసిన ముక్కలను గట్టిగా మూతపడే డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ సంచీలో పెడితే రెండు తిప్పలు. సంచీ గరగరలాడే చప్పుడుకే గుంపంతా ఒక్కసారి మీదికొస్తుంది. ఒకటి సంచీ అంచు పట్టుకుని గుంజితే ప్లాస్టిక్‌తో సహా మింగేయగలదు.

దారిలో తినడానికి తెచ్చుకున్న పులిహోర, జంతికలు, పకోడీలు, బిస్కెట్లు, చిప్స్, పిల్లల చేతిలో మిగిలిన లడ్డూ ముక్క వాటికి పెట్టకండి. గాడిద పొట్ట ఎండు గడ్డి, ముళ్ళ పొదలు తిని బతకడానికి తయారైనది. మేతను పెద్దపేగు దగ్గరున్న సూక్ష్మజీవులు పులియబెట్టి అరిగిస్తాయి. అన్నం, బ్రెడ్, పిండివంటల్లాంటివి ఎక్కువైతే అరగని పిండి అక్కడికి చేరి ఆమ్లంగా మారుతుంది. కడుపునొప్పితో ఆగితే అదృష్టమే. అది ముదిరితే గిట్ట లోపలి మెత్తటి పొర వాచి, జంతువు అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వస్తుంది. పకోడీలో ఉల్లిపాయ ఉంటుంది, అది వాటి రక్తకణాలను చిదిమేస్తుంది. చాక్లెట్టూ హానికరమే. తీపి ఎక్కువ తినే గాడిదకు మెడ మీద కొవ్వు పేరుకుని, జూలు ఉన్న గట్టు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఒకసారి ఒరిగితే బరువు తగ్గినా నిటారుగా రావడం కష్టం. మెడ అలా ఒరిగిన గాడిద కనిపిస్తే దానికి క్యారట్ ముక్క కూడా పెట్టకుండా పక్కదానికి పెట్టండి.

లూప్ రోడ్డు మీద

తూర్పు నుంచి వచ్చేవాళ్ళు స్టేట్ గేమ్ లాడ్జ్ దాటే ముందే 16ఏ రోడ్డు నుంచి లూప్‌లోకి తిరుగుతారు. అటు చివర బ్లూ బెల్ లాడ్జ్ దగ్గర 87వ నంబరు రోడ్డులో కలుస్తుంది. పెద్దగా ఆగకపోయినా గంటన్నర దాకా పట్టవచ్చు. ఆగకుండా ఎవరూ వెళ్ళరు, మూడు గంటలు ఉంచుకోండి. గాడిదలు ఎక్కువగా లూప్ దక్షిణ భాగంలో కనిపిస్తాయి. సెల్ సిగ్నల్ అంతటా అందదు, మ్యాప్‌ను ముందే ఫోన్లోకి దించుకోండి.

ముందు కార్లు బారులు తీరి ఉన్నాయంటే రెండు కారణాల్లో ఒకటి: గాడిదలైనా అయి ఉండాలి, బైసన్లైనా అయి ఉండాలి. రెండూ ఒక్కటే అనుకుని కారు దిగేవాళ్ళు ఉన్నారు, అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అమెరికాలో బఫెలో అని పిలిచే ఈ బైసన్ మన చెరువు గట్టు గేదె లాంటిది కాదు. మగది 2,000 పౌండ్ల దాకా తూగుతుంది, గంటకు 35 మైళ్ళ వేగంతో పరిగెడుతుంది. కనీసం 100 గజాల దూరం ఉంచండి, అది కారుకు దగ్గరగా ఉంటే లోపలే కూర్చోండి. తోక పైకి లేపిందంటే దాడికి సిద్ధంగా ఉందని అర్థం. గాడిదల గుంపుకు దగ్గర్లోనే బైసన్లు మేస్తుంటే ఆ చోట కారు దిగి తినిపించే కార్యక్రమం పెట్టుకోకండి. గాడిదలు ఇంకో మలుపులో మళ్ళీ దొరుకుతాయి.

కారు ఆపే తీరు

గాడిదలు రోడ్డు మీదున్నాయని రోడ్డు మీదే ఆపకండి. పక్కనున్న ఖాళీ చోటులోకి దింపండి, హజార్డ్ లైట్లు వేయండి, గేరు పార్క్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగి ఇంజన్ ఆపేయండి. రోడ్డు మధ్యలో తినిపిస్తే రోడ్డు మధ్యలో నిలబడడమే నేర్చుకుంటాయి. రోడ్డు పక్కన గడ్డి మీద తినిపిస్తే అక్కడికే వస్తాయి.

అద్దాలు దించకముందే కారులోపల ఒకసారి చూసుకోండి. డ్యాష్‌బోర్డు మీది ఫోను, ఒళ్ళోని చిప్స్ పొట్లం, అద్దానికి వేలాడే పూసల దండ గాడిద నోటికి అందేవే. సన్‌రూఫ్ మూసేయండి. తర్వాత డ్రైవరు పక్కనుండే విండో లాక్ బటన్ నొక్కండి. ఈ చిన్న పని చాలామంది మర్చిపోతారు. గాడిద తల లోపల ఉండగా వెనక సీట్లోని పిల్లవాడు సరదాగా అద్దం పైకి లేపితే మెడ ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న గాడిద బెదిరి తల విదిలిస్తే అద్దమూ పోతుంది, లోపలున్నవాళ్ళకూ దెబ్బలు తగులుతాయి.

తల లోపలికి రావడం వద్దనుకుంటే అద్దాన్ని పైనుంచి 4 అంగుళాలు మాత్రమే దించండి. మూతి కొస తప్ప లోపలికి రాదు. సరదాగా తల పెట్టనిద్దాం అనుకుంటే పెద్దవాళ్ళు కూర్చున్న ముందు సీటు వైపు అద్దాన్ని పూర్తిగా దించండి. సగం దించితే తల పడుతుంది గానీ, తీసుకునేటప్పుడు దవడ అంచుకు తగులుతుంది. పిల్లల సీటు బిగించిన వైపు అద్దం దించకండి. బెల్టుతో కట్టేసి ఉన్న పిల్ల వెనక్కి జరగలేదు.

గీతల సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. వీటికి కారంటే తిండి ఒక్కటే కాదు, ఒళ్ళు రుద్దుకునే స్తంభం కూడా. దుమ్ములో పొర్లి వచ్చి, ఆ దుమ్ముతోనే తలుపుకు రాసుకుంటాయి. పక్క అద్దాల చుట్టూ ఉండే రబ్బరు, వైపర్ల కొసలు నములుతాయి. అద్దె కారైతే బయల్దేరే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి, ఒకే చోట పది పదిహేను నిమిషాలకు మించి ఆగకండి.

చేతిలోంచి తినిపించడం

దిగి నిలబడి తినిపించాలనుకుంటే కారు తలుపుకు మీ వీపు ఆనేలా నిలబడండి. గుంపు మధ్యలోకి నడవకండి. మీ చుట్టూ మూగినప్పుడు వెనక్కి జరగడానికి చోటుండదు, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మీ కాలు తొక్కుతాయి. చెప్పులు, శాండల్స్ వేసుకుని దిగితే ఆ తొక్కుడుకు వేలి గోరు ఊడుతుంది. బూట్లు వేసుకోండి.

క్యారట్ చీలికను అరచేతి మధ్యలో పడుకోబెట్టండి. నాలుగు వేళ్ళూ కలిపి, బొటనవేలును పక్కకు ఆనించి, అరచేతిని పళ్ళెంలా చదునుగా చాపండి. బొటనవేలు పైకి లేచి ఉంటే దానికి అదీ క్యారట్టే. వేళ్ళతో పట్టుకుని అందించడం మనకు ఆవుతో అలవాటు. ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు, పొరపాటున వేలు పడినా పెద్దగా ఏమీ కాదు. గాడిదకు కిందా పైనా ముందు పళ్ళున్నాయి, గడ్డిని కత్తెరలా కత్తిరించే పళ్ళు.

చేతిని ఎదురుగా మొహం మీదికి తీసుకెళ్ళకండి. కొంచెం పక్కనుంచి, దానికి కనిపించేలా, నెమ్మదిగా గడ్డం కిందికి తీసుకురండి. గాడిద కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, పక్కలు బాగా కనిపిస్తాయి, మూతికి సరిగ్గా ముందున్నది కనిపించదు. అరచేతిలో ఏముందో అది కళ్ళతో కాక పెదవులతో, మూతి మీది మీసాలతో తడిమి తెలుసుకుంటుంది. ఆ తడిమేటప్పుడు చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. సరిగ్గా అప్పుడే చాలామంది ఉలిక్కిపడి చేయి లాక్కుంటారు. లాగకండి. చేయి వెనక్కి పోతే పోతున్న తిండిని అందుకోవాలని అది పళ్ళతో ముందుకొస్తుంది. గాట్లు పడేది ఎక్కువగా ఇలాగే, కోపంతో కాదు. చేయి కదలకుండా ఉంచితే రెండు సెకన్లలో పెదవులతోనే ముక్క తీసుకుని పక్కకు తిరిగి నములుతుంది. భయం పోవాలంటే మొదటి ముక్కను గడ్డి మీద పడేసి తిననివ్వండి, రెండోది చేతిలో పెట్టుకోండి.

తిండి చూపించి వెనక్కి తీసుకుంటూ ఆడించకండి. వీడియో కోసం ఇలా చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక రోజు ఇలా ఆడించిన గాడిద మర్నాడు ఎవరో పసిపిల్ల చేతిని కొరుకుతుంది, తప్పు మాత్రం గాడిద మీద పడుతుంది.

తినిపిస్తూ చెవుల మీద ఓ కన్నేసి ఉంచండి. ముందుకు నిక్కి ఉంటే మీ మీద ఆసక్తి. రెండు పక్కలకు వాలి ఉంటే స్థిమితంగా ఉంది. వెనక్కి మెడకు అతుక్కుపోయాయంటే అది మీకో, పక్కనున్న గాడిదకో ఇచ్చే హెచ్చరిక. తోక విసురుగా ఆడించడం, వెనక కాలు కొద్దిగా ఎత్తి పట్టడం దాని తర్వాతి మెట్టు. అప్పుడు ముక్క కింద పడేసి కారు వైపు తప్పుకోండి. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మనకు సామెత ఉంది గానీ, కాళ్ళ దగ్గరికి, ముఖ్యంగా వెనక కాళ్ళ దగ్గరికి, అసలు వెళ్ళకండి. గాడిద వెనక్కే కాదు, పక్కకు కూడా తన్నగలదు. వెనక నుంచి వెళ్ళి ఒంటి మీద చేయి వేస్తే ఎవరు వచ్చారో కనబడక, బెదిరి తన్నేస్తుంది.

గుంపులో పెద్దరికం ఉంటుంది. ముందుకు తోసుకొచ్చేది పెద్దది, వెనక నిలబడి చూసేది బక్కది. జాలితో పెద్దదాన్ని దాటించి బక్కదానికి అందిస్తే పెద్దది దాని మెడ కొరుకుతుంది, ఆ పెనుగులాటలో మధ్యనున్న మీకూ దెబ్బ తగులుతుంది. ఇద్దరు మనుషులు పదడుగుల ఎడంగా నిలబడండి. ఒకరు పెద్దదానికి నెమ్మదిగా ఒక్కో ముక్క ఇస్తూ ఉంటే, రెండో వారు ఆ చివర బక్కదానికి పెట్టవచ్చు. ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది.

బొచ్చుతో బొమ్మలా ఉండే పిల్ల గాడిద వస్తే చూసి ఆనందించండి, ఏమీ పెట్టకండి. నమలడం ఇంకా సరిగ్గా రాని పిల్లకు చిన్న ముక్క కూడా గొంతుకు అడ్డుపడుతుంది. తల్లికీ పిల్లకీ మధ్యన నిలబడకండి.

నిమరాలనుంటే మెడ పక్క, భుజం మీద. చెవులు, నుదురు మొదటి పరిచయంలోనే ముట్టుకుంటే తల విదిలిస్తుంది. వీపు మీద వెన్నెముక పొడవునా ఒక నల్లచార, భుజాల మీదుగా దాన్ని అడ్డంగా కోస్తూ ఇంకోటి, రెండూ కలిసి శిలువ ఆకారంలో కనిపించే గాడిదలు చాలా ఉంటాయి. పిల్లలకు చూపించండి. మన దేశంలో 2012, 2019 పశుగణనల మధ్య గాడిదల సంఖ్య 61 శాతం పడిపోయింది. చాకిరేవు దారిలో బట్టల మూటలు మోసే గాడిదను చూడకుండానే ఒక తరం పెరుగుతోంది. తిట్టులో మాత్రమే విన్న జంతువు ఎదురుగా నిలబడి చేతిలోంచి క్యారట్ తింటుంటే పిల్లల మొహాలు చూడండి, అంత దూరం వెళ్ళినందుకు ఫలితం అక్కడ కనిపిస్తుంది.

పిల్లలతో

ఐదేళ్ళ లోపు పిల్లలను కిందికి దించకుండా కారులోంచే చూడనివ్వండి. వాళ్ళ మొహం, గాడిద మూతి ఒకే ఎత్తులో ఉంటాయి. కొంచెం పెద్ద పిల్లలైతే పలక మీద ఓనమాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు, వాళ్ళ అరచేతి కింద మీ అరచేయి ఆనించి పట్టుకోండి. పిల్ల భయపడి లాక్కోబోయినా మీ చేయి కదలదు. ఒకరికి ఒక్క ముక్కే, తర్వాత వెనక్కి వచ్చి రెండో పిల్ల వెళ్ళాలి. పిల్లలను గాడిద వీపు మీద కూర్చోబెట్టడం వద్దు. వాటి ముత్తాతలు సవారీ చేయించాయి గానీ వీటికి ఆ శిక్షణ లేదు.

ఫొటో కోసం గుంపుకు వీపు చూపించి సెల్ఫీ తీసుకుంటే జడలో పూలు, చున్నీ కొస, టోపీ అంచు వెనక నుంచి మాయమవుతాయి. తినిపించే మనిషి వేరు, ఫొటో తీసే మనిషి వేరుగా ఉండాలి. తీసేవాళ్ళు కారులోంచే తీయవచ్చు.

అయిపోయిందని చెప్పడం, బయల్దేరడం

ఇంకా నాలుగు ముక్కలు మిగిలి ఉండగానే డబ్బా మూత పెట్టి డిక్కీలో పెట్టేయండి. తర్వాత రెండు అరచేతులూ ఖాళీగా, నడుము ఎత్తులో చాపి చూపించండి. అవి వాసన చూస్తాయి, ఏమీ లేదని తెలిస్తే పక్క కారు వైపు వెళ్ళిపోతాయి. చేతులు వెనక్కి దాచుకుంటే మీ వెనక ఏదో ఉందనుకుని చుట్టూ తిరుగుతాయి. జేబులో క్యారట్ పెట్టుకుంటే జేబు చిరిగినట్టే. కొన్ని ఆ నిమిషంలో ఓండ్రపెడతాయి. గాలి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా గొంతు పలుకుతుంది కాబట్టే ఆ అరుపు రెండు స్వరాల్లో, అంత పెద్దగా ఉంటుంది. పక్కనే నిలబడితే చెవులు గింగురుమంటాయి, దాన్ని కోపమనుకుని పారిపోనక్కరలేదు.

అందరూ ఎక్కాక ఒకరు మాత్రం కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి చూడాలి. ఎండవేళ కారు నీడలో పిల్ల గాడిద పడుకుని ఉండవచ్చు, బంపరుకు ఆనుకుని ఇంకోటి కునికిపాట్లు పడుతుండవచ్చు. తలలు బయటికి వచ్చాకే అద్దాలు లేపండి. ఇంజన్ ఆన్ చేసి పది సెకన్లు ఆగండి. ఆ చప్పుడుకు చాలావరకు తప్పుకుంటాయి. ఎదురుగా నిలబడ్డది కదలకపోతే హారన్ కొట్టకండి, బంపరుతో నెట్టకండి. ఒకటి రెండు నిమిషాలు ఊరుకుంటే కొత్త కారు వస్తుంది, అది అటు పోతుంది.

ఏదైనా జరిగితే

ఒక గాడిద ఉన్నట్టుండి తినడం ఆపి, మెడ ముందుకు సాచి, దగ్గుతూ, ముక్కుల్లోంచి సొంగతో కలిసిన తిండి కారుస్తుంటే గొంతులో ఇరుక్కుందని అర్థం. నీళ్ళు పోయకండి, నోట్లో చేయి పెట్టకండి, మెడ మీద కొట్టకండి. మిగతావాళ్ళను కూడా తినిపించడం ఆపమని చెప్పి, పార్కు సిబ్బందికి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే దగ్గర్లోని విజిటర్ సెంటర్‌కు వెళ్ళి, ఏ మలుపు దగ్గర చూశారో గుర్తులతో చెప్పండి.

మనిషికి గాటు పడి చర్మం చిట్లితే 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నేళ్ళయిందో చెప్పండి, రేబిస్ టీకా అవసరమా కాదా అన్నది వాళ్ళే తేలుస్తారు. ‘గాడిదే కదా, కుక్క కాదు కదా’ అని వదిలేయకండి. గాటు లేకపోయినా పులిహోర డబ్బా తెరిచే ముందు అందరూ చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ ఒక్కటే చాలదు, సొంగా దుమ్మూ దానికి పోవు.

వేరే చోట్ల ఇదే పని చేయకండి

లాస్ వేగస్ వైపు వెళ్ళినప్పుడు కనిపించే బర్రోల కథ వేరు. అవి బంగారు, వెండి గనుల కాలంలో బరువులు మోసిన గాడిదల సంతతి. గనులు మూతపడ్డాక ఎడారిలో వదిలేస్తే అక్కడే పెరిగాయి. ఫెడరల్ భూముల మీద తిరిగే ఇలాంటి గుర్రాలకూ గాడిదలకూ 1971లో వచ్చిన చట్టం రక్షణ ఇస్తుంది. వేగస్ పక్కనే ఉన్న రెడ్ రాక్ కాన్యన్ దగ్గర, 159వ నంబరు రోడ్డులో, బ్లూ డైమండ్ ఊరి చుట్టుపక్కల అవి రోడ్డు వారనే మేస్తాయి. అక్కడ తినిపించడం నిషేధం, కారణం గట్టిది. ఆ రోడ్డు మీద కార్లు వేగంగా పోతాయి. తిండికి అలవాటుపడ్డ బర్రో చీకట్లో హెడ్‌లైట్లు చూసి పారిపోదు, ఎదురొస్తుంది. అక్కడ పెట్టే ఒక్క క్యారట్ ముక్క దాని చావుకు కారణం కావచ్చు. కారును రోడ్డుకు బాగా దూరంగా ఆపి, లోపల కూర్చుని చూడండి. ఎండిన వాగు ఇసుకలో గిట్టలతో తవ్వి నీళ్ళు తీసుకునే తెలివి ఈ ఎడారి గాడిదలకుంది, మనవాళ్ళు ఏట్లో చెలమ తవ్వినట్టే. ఆ చెలమల్లో ఇతర జంతువులూ వచ్చి తాగుతాయి.

తినిపించే విషయంలో అరిజోనాలోని ఓట్‌మన్ అనే పాత బంగారు గనుల ఊరు కస్టర్‌కూ రెడ్ రాక్‌కూ మధ్యస్థం. కింగ్‌మన్ నుంచి పాత రూట్ 66 మీద దాదాపు 28 మైళ్ళు, సిట్‌గ్రీవ్స్ పాస్ మలుపుల మీదుగా. 40 అడుగులు దాటిన వాహనాలకు ఆ దారిలో అనుమతి లేదు, లోపలే వంట, పడక ఉండే పెద్ద ఆర్‌వీ తీసుకెళ్ళకండి. పొద్దున బర్రోలు కొండల నుంచి ఊళ్ళోకి దిగుతాయి, సాయంత్రం తిరిగి వెళ్ళిపోతాయి, కాబట్టి మధ్యాహ్నంలోపు చేరుకోండి. అక్కడి దుకాణాల్లో నొక్కి చేసిన ఎండుగడ్డి ముక్కలు అమ్ముతారు, అవే పెట్టండి. కస్టర్ కోసం కొన్న క్యారట్ల పద్ధతి ఇక్కడ వాడకండి, రోజంతా తిని ఈ బర్రోలు ఇప్పటికే బరువెక్కి ఉంటాయి. నుదుటి మీద స్టిక్కరు అంటించిన పిల్ల గాడిద కనిపిస్తే తిండి పెట్టొద్దని దాని అర్థం. చాలామంది అది ఆడుకునే పిల్లలెవరో అంటించారనుకుని పీకేస్తారు, అలా చేయకండి.

మిగిలిన క్యారట్లను పార్కులో పారబోయకుండా వెనక్కి తెచ్చుకోండి. చెత్త దగ్గర తిండి దొరుకుతుందని తెలిస్తే గాడిదలు చెత్తడబ్బాలు తిరగేయడం మొదలుపెడతాయి. శుభ్రంగా కడిగి, మూతపెట్టిన డబ్బాలోనే ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి మోటెల్లో అన్నంలోకి కూర చేసుకోవడానికి పనికొస్తాయి.